నలభై ఒకటో రాయి

మా ఉస్తాద్‌ది టర్కీలో, ఏజియన్ సముద్రం ఒడ్డున ఉన్న బోద్రుమ్. మధ్యాహ్నం తిన్నాక ఫోన్ తీసి తన ఊరిని చూపించేవారు: కొండ వాలున తెల్లటి ఇళ్లు, నీళ్లలోకి చొచ్చుకొచ్చిన కోట. ఇక్కడ సౌదీలో, ఎర్ర సముద్రం ఒడ్డున, యాన్బు పాత ఊళ్లో పగడపు రాతి ఇళ్లను మళ్లీ నిలబెట్టే పని మాది. నేను నిజామాబాద్ వైపు సుతారిని. ఇరవై ఏళ్లుగా ఏ రాయి దొరికితే ఆ రాయి పెట్టి గోడ లేపినవాణ్ని.

విప్పిన ప్రతి రాయికీ, మళ్లీ అదే చోట పెట్టడానికి, సుద్దతో అంకె వేశారు. ఒకరోజు నా గోడలో ఖాళీ మిగిలింది. కలిపిన సున్నం ఆరిపోతోంది, చేతికందేలా చిన్న రాళ్లు లేవు. పక్కనున్న రాయిని అంకె చూడకుండానే సుత్తితో మూడు ముక్కలు చేసి కుక్కాను. చివరి ముక్క లోపలికి పోతుంటే దాని మీద చెక్కిన ఆకు కొన కనిపించింది. అయినా పైన సున్నం పూశాను.

అది ద్వారం పైన రావాల్సిన నలభై ఒకటో రాయి. కనిపించకపోయేసరికి అనుమానం మట్టి ఎత్తే బంగ్లాదేశ్ భాయ్ మీదికి పోయింది. రాయి మట్టిలో పోయిందేమోనని రెండు రోజులు ఎండలో కుప్పంతా మళ్లీ జల్లించాడు. నేను చూస్తూ ఊరుకున్నాను. సంగతి తెలిసింది నా పక్కనే పనిచేస్తూ చూసిన జగిత్యాల మేస్త్రి ఒక్కడికే.

"గోడల వోయిన రాయిని ఎవడడుగుతడే అన్నా? చెప్పినవనుకో, ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోలుతరు" అన్నాడు.

మూడో రోజు ఉస్తాద్ తన ఊరి కథలో మిగిలింది చెప్పారు. అక్కడ ఒక రాజు సమాధి ఉండేదట, ప్రపంచ వింతల్లో ఒకటి. భూకంపాలకు కూలితే, తర్వాత వచ్చిన యోధులు ఆ రాళ్లతోనే ఆ కోట కట్టుకున్నారు. చెక్కిన సింహాలు కొన్నింటిని గోడల్లో నిలబెట్టారు. ఎంతో పాలరాయిని కాల్చి సున్నం చేశారు.

"నిలబెట్టినవాడూ మేస్త్రీయే, కాల్చినవాడూ మేస్త్రీయే" అన్నారు.

"ఆ రాయి నా గోడలో ఉంది ఉస్తాద్. నేనే పగలగొట్టాను" అన్నాను.

ఆయన ఉలి తీసి నా చేతికిచ్చారు. గోడ లోపల సున్నం ఇంకా పచ్చిగానే ఉంది, ముక్కలు మూడూ చెదరకుండా వచ్చాయి. బంగ్లా భాయ్‌ని క్షమించమని అడిగితే, మిగిలిన సున్నం, రెండు రోజులు వంగి పట్టేసిన తన నడుముకు పట్టించమని నవ్వాడు.

ముక్కలు మళ్లీ అతికించేటప్పుడు అతుకులు దాచవద్దన్నారు ఉస్తాద్. ఎగ్జిట్ రాలేదు. ఆ ద్వారం మొత్తం నా చేతనే కట్టించారు.

మొన్న శుక్రవారం అటు వెళ్తే జనం దాని కింద నిలబడి ఫొటోలు దిగుతున్నారు. అది నేను కట్టిన ద్వారమని అక్కడ ఎవరికీ తెలియదు, నా ఛాతీకి మాత్రం తెలిసింది. ఇంటికి పంపడానికి నేనూ ఒకటి తీశాను, ఆకు మీది రెండు అతుకు గీతలూ పడేలా దగ్గరకు వెళ్లి.