నాలుగు రిలేలు, ఒక స్టీలు డబ్బా

తొంభై తొమ్మిది ఎండాకాలం. కొండాపూర్ రోడ్డు మీద చిన్న మడిగె కిరాయికి తీసుకొని ఫ్రిజ్ రిపేర్ షాప్ పెట్టి ఏడాదైతుండె. నాకప్పుడు ఇరవై రెండేండ్లు. హైటెక్ సిటీ బిల్డింగు లేసింది, దాని చుట్టూ ఎక్కడ చూసినా తవ్వకాలు, కంకర లారీలు, ఇనుప సలాకలు. రోజుకో కొత్త అపార్ట్‌మెంట్. అపార్ట్‌మెంటంటే ఫ్రిజ్, ఫ్రిజ్ అంటే నేను. స్కూటర్ కొందామని దాచుకున్న పైసలు పెట్టి సెల్‌ఫోన్ కొన్న. ఇటుకంత ఉండె అది. వచ్చిన కాల్‌కు కూడా బిల్లు పడేది, అయినా చెయ్యిల నుంచి కింద పెట్టకపోతుంటి. పక్కన చాయ్ హోటల్ ఖాజా భాయ్ నవ్వేటోడు. "ఏం నరేష్, సైకిల్ మీద తిరిగెటోనికి సెల్‌ఫోనా?" అని.

నవ్వితే నవ్వనీ. షాప్ మీద బోర్డు చూసి నాకు ఛాతి పొంగేది. ఎర్ర రంగు, తెల్ల అక్షరాలు, తెలుగుల, ఇంగ్లీషుల, ఉర్దూల నా పేరు. మా ఇంట్ల ఎవ్వరి పేరూ అంతకుముందు బోర్డు మీదికి ఎక్కలే. ఈ కథ ఆ బోర్డు గురించే.

షాప్ వెనక రెండో గల్లీల వసుంధర మేడం ఉండేది. భీమవరం దిక్కు మనిషి, గవర్నమెంట్ ఆఫీసుల ఉద్యోగం. సార్‌ది కంపెనీ నౌకరీ, నెలల సగం రోజులు క్యాంపుల్లనే. పొద్దున తొమ్మిదికి తాళమేస్తే మళ్ళ సాయంత్రం ఆరింటికే ఇల్లు తెరుచుడు. అందుకే ఆమె ఇంటికి నేనెప్పుడు పోయినా ఆరు దాటినంకనే పోయేది. ఈ ముచ్చట జర గుర్తు పెట్టుకోండి.

మొదటిసారి పిలిచింది ఫ్రిజ్ కోసం కాదు, స్టెబిలైజర్ కోసం. అంటే కరెంటు తక్కువొచ్చినా ఎక్కువొచ్చినా సమానం చేసి ఫ్రిజ్‌కు పంపే డబ్బా.

"మొన్న రెండో శనివారం సెలవని ఇంట్లో ఉన్నానండీ. పొద్దుటి నుంచీ టకటకా ఒకటే మోత. భయమేసింది," అన్నది.

ప్లగ్ పీకి మీటర్ పెట్టిన. రెండొందల ఇరవై ఐదు వోల్టులు, ఫస్ట్ క్లాస్. డబ్బా విప్పితే లోపల కరెంటు అంటుకునే పాయింట్లు నల్లగ కాలిపోయి ఉన్నయి.

"కరెంట్ మంచిగుంది మేడం. ఈ డబ్బానే ఖరాబయింది. కొత్త కాలనీ, కొత్త లైన్లు, ఇగ దీంతోని పనే లేదు," అని ఫ్రిజ్‌ను డైరెక్టుగ గోడ సాకెట్‌కు పెట్టిన. స్టెబిలైజర్ అటక మీదికి పోయింది. మోత బంద్. మేడం ఖుష్, నేను ఖుష్.

పది రోజులకు ఫ్రిజ్ ఆగింది. పోయి చూస్తే రిలే కాలింది. ఫ్రిజ్ వెనక కింద నల్లగ కుండ లెక్క ఉంటది చూడండి, అది కంప్రెసర్. దానికి స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక్క తోపు కావాలె. ఆ తోపు ఇచ్చేది రిలే. అగ్గిపెట్టెంత ఉంటది. పాతదైంది, పోయిందనుకున్న. రాణిగంజ్ బజారు నుంచి ఒరిజినల్ తెచ్చి వేసిన, కాలినదాన్ని మేడం చేతిల పెట్టిన. తీసేసిన పార్ట్ కస్టమర్‌కే ఇయ్యాలె, అది నా పద్ధతి. మార్చకనే మార్చిన అని చెప్పే దొంగలు మా లైన్ల మస్తుమందున్నరు.

వారానికి అది కూడా కాలింది. ఇంకోటి వేసిన. ఆ రెండోది కూడా వారం దాటలే.

ఒకరోజు సాయంత్రం ఖాజా భాయ్ హోటల్ ముందట పది మంది కూసొని చాయ్ తాగుతున్నరు. మేడం ఆఫీస్ బస్సు దిగి సీదా నా షాప్‌కొచ్చింది. బ్యాగులకెల్లి చిన్న స్టీలు డబ్బా తీసి, మూత తీసి, కౌంటర్ మీద పెట్టింది. లోపల కాలిన రిలేలు రెండు.

"నిన్న సాయంత్రమే ఫ్రిజ్ మళ్ళీ ఆగింది బాబూ. ఇంటికెళ్తే మూడోది కూడా ఇందులో చేరుతుంది. పాలు విరిగిపోతున్నాయి, పిండి పులిసిపోతోంది. ఒరిజినల్ పార్ట్ వారానికోటి కాలుతుందా? డూప్లికేట్ వేసేవాడివి డూప్లికేట్ అనే చెప్పొచ్చుగా?"

కోపం నా నెత్తికెక్కింది. తప్పంటే పడతగని, దొంగ అంటే పడ.

"ఎవరు మేడం డూప్లికేట్ వేసేది? బిల్లు చూపియ్యాల్నా?"

"బిల్లులు ఎవరైనా రాసుకుంటారు."

"ఇగో అందరి ముందట చెప్తున్న. ఇప్పుడొచ్చి ఇంకోటి వేస్త. అది కూడా కాలిందనుకోండి, ఆ బోర్డు దింపేస్త. నా చేతుల్తోనే దింపేస్త!"

హోటల్ల చాయ్ గ్లాసులు ఆగిపోయినయ్. మేడం ఒక్క నిమిషం బోర్డు దిక్కు చూసింది. "సరే, చూద్దాం," అని నడిచింది. నేను టూల్ బ్యాగ్ పట్టుకొని ఎనక పోయిన. కాలినది తీసి కొత్తది వేసిన. డబ్బాల మూడు రిలేలైనయ్.

నాలుగు రోజులు మంచిగనే గడిచినయ్. ఐదో రోజు సాయంత్రం సెల్ మోగింది.

"బాబూ, ఆగిపోయింది," అన్నది. తిట్టలే. తిట్టినా మంచిగుండు.

ఖాజా భాయ్ నా మొఖం చూసిండు. "ఏమైంది? నిచ్చెన కావాల్నా?"

"నీ చాయ్ నువ్వు మరగబెట్టుకో భాయ్!" అని సైకిల్ తీసిన.

ఆ రోజు కాలినదాన్ని తీసి డబ్బాల వేసి, కొత్త రిలే చేతిల పట్టుకొని మేడం వంటింట్ల కింద కూసున్న, పెట్టబుద్ధి కాలే. ఇంకోటి పెడితే ఇంకోటి కాలుతది. కంప్రెసర్ లోపలి వైండింగ్ తీగ చూసిన, గ్యాస్ చూసిన, అన్నీ బరాబర్. వోల్టేజ్ రెండొందల ఇరవై. తల పైకెత్తితే గోడకు పాల క్యాలెండర్ కనవడ్డది. పాలు విరిగిన ప్రతి రోజుకు మేడం ఎర్ర పెన్నుతోని సున్న చుట్టింది. సోమవారం సున్న, మంగళవారం సున్న, శనివారం కూడా సున్న. ఆదివారాల మీద ఒక్కటి లేదు.

"మేడం, ఆదివారం పాలు విరుగవా?"

"ఆదివారం అన్నీ బానే ఉంటాయి. ఫ్రిజ్ చల్లగా ఉంటుంది."

"ఆదివారం మీరు ఇంట్ల ఉంటరు. మిగతా రోజులు మీరుండరు, నేను పొద్దుగూకినంక వస్త. మనిద్దరం లేనప్పుడు ఈ ఇంట్ల ఏదో అయితున్నది. రేపు పొద్దంతా నేనిక్కడ కూసోవాలె."

మేడం గట్టిగ నవ్వింది. "ఇంటి తాళం నీ చేతికిచ్చి నేను ఆఫీసుకెళ్లాలా? నిన్ను నమ్మకే కదయ్యా డబ్బా పట్టుకుని వచ్చింది! సెలవు పెడదామంటే ఆడిట్ నడుస్తోంది."

చెయ్యిల ఫోన్ ఉండె. చూసిన, ఆమె ముందట పెట్టిన.

"ఇది మీ దగ్గర ఉంచుకోండి. నా ధంధా మొత్తం దీంట్లనే ఉంది మేడం. మీ ఇంట్ల ఒక్క చెంచా పోయినా నాకు వాపస్ ఇయ్యకండి."

ఆమె ఫోన్ దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. నెల రోజుల సంది నా చెవి దగ్గర తప్ప ఇంకోచోట ఆ ఫోన్ చూసి ఉండదు. మెల్లగ తీసుకొని బ్యాగుల వేసుకుంది.

తెల్లారి తొమ్మిదింటికి తాళం నా చేతికొచ్చింది. కొత్త రిలే వేసి ఫ్రిజ్ నడిపిచ్చిన. మీటర్ తీగలు సాకెట్ల పెట్టి, పీట వేసుకొని కూసున్న. ఫోన్ లేకుంట కూసునుడు నాకు జైలే. అయిదు నిమిషాలకోసారి చెయ్యి జేబుల పోతుండె. తొమ్మిదిన్నరకు రెండొందల ఇరవై. పదికి రెండొందల ఇరవై. పదిన్నరకు గూడ అంతే. బోర్డు దింపాలంటే ఏ నట్టు ముందు విప్పాలె అని కూడా ఆలోచన చేసిన.

పదకొండు కొట్టంగనే పైన ఫ్యాన్ మెల్లగైంది. ట్యూబ్‌లైట్ మిణుకు మిణుకుమన్నది. మీటర్ ముల్లు నూట యాభై! మళ్ళ లేసి రెండొందలు, మళ్ళ పడి నూట నలభై. ఫ్రిజ్ వెనక కంప్రెసర్ "గుర్ర్ర్..." అని మూలిగింది, లేవలే. "టక్" అని ఆగింది. జరసేపటికి మళ్ళ మూలుగు, మళ్ళ టక్. కరెంట్ చాలక మోటర్ తిరగది, రిలే తోస్తనే ఉంటది, తోసి తోసి కాలుతది.

వెంటనే ప్లగ్ పీకిన. ఖుషీ పట్టలేక వాళ్ళ ల్యాండ్‌లైన్ కెల్లి నా నంబరుకే కొట్టిన.

"హలో, ఫ్రిజ్ రిపేరాండీ? ఆయన పనిలో ఉన్నారు. పేరు, అడ్రస్ చెప్పండి, రాసుకుంటాను."

"మేడం, నేనే, నరేష్‌ను!"

"నువ్వా! పొద్దుటి నుంచి నాలుగు కాల్స్ వచ్చాయి బాబూ. మియాపూర్‌లో ఒకావిడ ఫ్రిజ్ తలుపు పడట్లేదంట, తిట్టింది కూడా. దొరికిందా?"

"దొరికింది మేడం! కరెంట్ పడిపోతున్నది. ఎవడు గుంజుతున్నడో పట్టుకుంట."

మెట్ల మీదికెళ్లి చూస్తే వెనక ప్లాట్ల ఆరంతస్తుల బిల్డింగ్ లేస్తున్నది. పైన వెల్డింగ్ మెరుపులు. మేడం గల్లీ స్తంభం నుంచి రెండు లావు వైర్లు అటు దిక్కు పోతున్నయ్. ఇంటికి తాళమేసి, మీటర్ పట్టుకొని ఒక్క ఉరుకున పోయిన. సూపర్‌వైజర్ కుర్చీల కూసొని ఉన్నడు.

"ఎవన్నడిగి మా లైన్ల వైర్ తగిలిచ్చినవ్?"

"అరే, మెల్లగ మాట్లాడు. పొద్దంత ఇండ్లల్ల ఎవ్వరుండరు, అందరు ఆఫీసులకు పోతరు. ఇంట్ల ఉండే ఆదివారం మేం పని బంద్ పెడతం. ఎవరికి ఏం నష్టం?"

ఇండ్లల్ల ఎవ్వరుండరట! నాకు కండ్లు ఎర్రబడ్డయి. అంగీ పట్టుకున్న, చెయ్యి లేసింది. వెనకకెల్లి వెల్డర్ వచ్చి నా చెయ్యి పట్టుకున్నడు. పాలమూరు మనిషి, యాదయ్య. మొఖం నిండ మసి.

"కొడితే ఓల్టేజ్ వస్తదా అన్నా? మీటర్ చేతిలున్నది గదా, చూపియ్."

ఆ మాటకు నా చెయ్యి కిందికి దిగింది. అక్కడి బల్బు సాకెట్లనే మీటర్ పెట్టిన. "యాదన్నా, జర వెల్డింగ్ పెట్టు," అన్న. నూట నలభై ఐదు. "ఆపు." రెండొందల పదిహేను. "పెట్టు." మళ్ళ నూట నలభై. సూపర్‌వైజర్ లేసి నిలబడ్డడు.

"కాలనీల ముప్పై ఫ్రిజ్‌లున్నయ్. కరెంట్ ఆఫీస్‌కు ఒక్క కాగితం రాసి, ముప్పై మందితోని సంతకం పెట్టిస్త. నీ వైరు నువ్వే తీస్తవా, వాళ్ళొచ్చి తీయాల్నా?"

సూపర్‌వైజర్ వైరు తీపిచ్చిండు, పని ఆగింది. మూడో రోజుకు జనరేటర్ దిగింది. పాపం, రెండు రోజులు యాదయ్యకు పని లేకుండె. ఖాజా భాయ్ దగ్గర అతనికి నేనే చాయ్ తాపిన.

ఆ వైరు దొరికిన రోజు సాయంత్రం మేడం వచ్చేసరికి అటక మీది స్టెబిలైజర్ దింపి, పాయింట్లు మార్చి, ఫ్రిజ్‌కు పెట్టి ఉంచిన. జరిగిందంతా చెప్పిన. చెప్పాల్సింది ఇంకొకటి ఉండె.

"మేడం, ఒక మాట. మొదట్ల టకటక మోత అన్నరు కదా. అది ఖరాబై మొత్తుకోలే. కరెంట్ పడ్డప్పుడల్లా సర్దుతున్నది. నేను సాయంత్రం వచ్చి మీటర్ పెట్టి, అంతా మంచిగుందని దాన్ని పీకి పడేసిన. అది ఉన్నన్నాళ్ళు మీ ఫ్రిజ్ బతికింది. రిలేలు కాలింది నా వల్లనే."

మేడం స్టెబిలైజర్ దిక్కు చూసింది. "అయితే డూప్లికేట్ అన్న మాట వెనక్కి తీసుకోనా, వద్దా?"

"అది వాపస్ తీసుకోండి. తెలివి లేనోడు అనండి, ఒప్పుకుంట."

నవ్వింది. బ్యాగు తెరిచి ఫోన్ ఇచ్చింది, దాంతోని ఒక తెల్లకాగితం. ఆఫీస్ రిజిస్టర్ లెక్క గీతలు కొట్టి, వరుస నంబర్, పేరు, అడ్రస్, కంప్లైంట్, వచ్చిన టైం, అన్నీ ముత్యాల లెక్క రాసి ఉంది. ఏడు కాల్స్. నేను అప్పటిదాక సిగరెట్ డబ్బా అట్టల మీద రాసుకునేటోన్ని. ఆ కాగితం చూసి రిజిస్టర్ పెట్టిన, ఇప్పటికీ అదే పద్ధతి.

పోయేటప్పుడు స్టీలు డబ్బా కూడా చేతిల పెట్టింది. నాలుగు రిలేలు అందులనే ఉన్నయి.

"ఇవి నీ దగ్గరుండాలి బాబూ, నా దగ్గర కాదు."

డబ్బా నా కౌంటర్ మీదనే ఉంటది. తొందరపడి, ఏ ఫ్రిజ్‌నన్నా చూడకముందే పార్ట్ పోయిందని చెప్పబోతే దాని దిక్కు చూస్త. అప్పటి సంది ఎవ్వరింటికి పోయినా ముందు రెండు సంగతులు అడుగుత. ఏ టైమ్‌ల ఆగుతది? ఆ టైమ్‌కు ఇంట్ల ఎవరుంటరు? ఎవ్వరుండరంటే తాళం అడిగి పొద్దంతా కూసుంట. ఆ కాలనీల పదకొండు ఇండ్ల తాళాలు నా చేతికొచ్చినయ్, ఒక్కరు కూడా ఫోన్ తాకట్టు పెట్టమనలే.

ఫోన్ వాపస్ వచ్చిన వారం తర్వాత నేను పెయింటర్‌ను పిలిచి నిచ్చెన వేపిస్తుంటె ఖాజా భాయ్ గ్లాస్ పట్టుకొని బయటికొచ్చిండు.

"అరే, గెలిచినవ్ గదా, రిలేలు ఒరిజినలే అని తేలింది! బోర్డు దింపుతున్నవేంది?"

"దింపుతలేను భాయ్. చూడు."

పెయింటర్ నా పేరు కింద ఇంకో లైను ఎక్కిచ్చిండు. ముందుగా మీ ఇంటి కరెంటు చూసి, తర్వాతే ఫ్రిజ్ విప్పబడును.