ఎర్రగీత గుండిగలు

పెళ్ళి సామాన్లు అద్దెకు తీసుకోవడానికి వచ్చిన ప్రతి ఇంటివాళ్ళూ బాలశౌరితో ఒకే మాట అనేవారు. "మా వాళ్ళు అందరిలాంటివాళ్ళు కాదు. పప్పులో ఏమాత్రం తేడా వచ్చినా విస్తరి ముందు నుంచి లేచిపోతారు." మోతుబరులూ ఈ మాటే అన్నారు, మగ్గాల వాళ్ళూ ఈ మాటే అన్నారు, పల్లెలో కూతురి పెళ్ళి చేస్తూ కూలివాడు ఆమోసూ ఇదే అన్నాడు. అందరిలాంటివాళ్ళు మా చల్లపల్లి చుట్టుపక్కల ఒక్కరైనా ఉన్నట్టు లేదు. బాలశౌరి గమనించిన సంగతి ఇంకొకటుంది. ఎవరింటి పెళ్ళయినా సరే, సామాన్లు తిరిగొచ్చేటప్పుడు ఒక గరిటె తక్కువ వచ్చేది.

బాలశౌరి కాలవ అవతల పల్లెలో పుట్టాడు. ఆ పల్లెవాళ్ళు ముట్టుకున్నది ఊళ్ళోవాళ్ళు తినేవారు కాదు. తండ్రి శౌరయ్య, ఊరి మోతుబరి వెంకటకృష్ణారావు గారింట్లో పాలేరు. ఆ ఇంట్లో పెళ్ళయితే తల్లి దానమ్మ సత్తుగిన్నె పట్టుకుని గడ్డివామి పక్కన నిలబడేది. ఇతను ఆవిడ కొంగు పట్టుకుని నిలబడేవాడు. వడ్డించేవాళ్ళు గరిటె గిన్నెకు తగలకుండా పైనుంచి అన్నం వేసేవారు. సగం గిన్నెలో పడేది, సగం నేలమీద పడేది. దానమ్మ నేలమీదది కూడా ఏరుకునేది. ఆ అన్నం రుచి అతనికి గుర్తులేదు గానీ, లోపల పొయ్యిమీదున్న పెద్ద గుండిగ మాత్రం గుర్తుండిపోయింది.

పెద్దయ్యాక బెజవాడ వెళ్ళి, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగు నేర్చుకున్నాడు. చదువు లేదు, పెట్టుబడి లేదు, చెప్పుకోదగ్గ చుట్టం లేడు. ఉన్నదల్లా మొండితనం. చిల్లులు పడ్డ గుండిగలను పాత సామాన్ల కొట్లలో తూకానికి కొని, ఆదివారం చర్చిలో పూజ నుంచి వచ్చాక అతుకులు వేసుకునేవాడు. డెబ్బై మూడులో మార్తను పెళ్ళి చేసుకుని చల్లపల్లి తిరిగొచ్చి, బస్టాండు వెనక రేకుల షెడ్డు వేసి సప్లయి కంపెనీ అని బోర్డు పెట్టాడు.

మొదట్లో పల్లె పెళ్ళిళ్ళూ చర్చి పండుగలే. ఊళ్ళోవాళ్ళు బందరు నుంచి తెచ్చుకునేవారు. ఒక మాఘమాసం అక్కడ సామాన్లు దొరక్క, పెద్దమ్మాయి పెళ్ళికని వెంకటకృష్ణారావు గారే షెడ్డుకు వచ్చారు.

"ఇవే పల్లెలోకీ వెళతాయట్రా?" అని అడిగారు.

"రెండు సెట్లండి బాబుగారూ. మీవి వేరే."

ఆ మాట నోటినుంచి వచ్చేదాకా రెండు సెట్లన్న ఆలోచనే బాలశౌరికి లేదు. ఆ సాయంత్రం సగం గుండిగలకు మెడ కింద ఎర్రగీత చుట్టాడు, మిగతా సగానికి నీలం. ఎర్రవాటికి అద్దె ఎక్కువ. కులానికి కూడా అద్దె వసూలు చేయవచ్చని మా ప్రాంతంలో కనిపెట్టింది ఇతనే. తెలివితేటలంటే నాకు ఇలాంటివే ఇష్టం.

అయితే కట్టెల మంటకు రంగు నిలవదు. పెళ్ళయ్యేసరికి ఎర్రదైనా నీలానిదైనా నల్లగానే తిరిగొచ్చేది. మార్త అన్నిటినీ ఒకే కుప్పగా వేసి చింతపండుతో తోమేది. బాలశౌరి చేతికందినవాటికి అందిన రంగు మళ్ళీ వేసేవాడు.

"ఏవయ్యా, ఏది ఎవరిదో నీకైనా తెలుసా?" అంది మార్త ఒకసారి.

"తెలీదు. తెలిస్తే ఎక్కడో ఒకచోట నోరు జారతాను."

వ్యాపారం పుంజుకుంది. కానీ రంగుడబ్బా మూత తీసినప్పుడల్లా, తానింకా ఆ గడ్డివామి పక్కనే నిలబడ్డట్టు అతనికి సిగ్గేసేది.

డెబ్బై ఏడు కార్తీకంలో ఉప్పెన వచ్చింది. దివిసీమలో ప్రాణాలతో మిగిలినవాళ్ళు తడిబట్టలతో చల్లపల్లి చేరారు. బాలశౌరి ఉన్న గుండిగలన్నీ బడి ఆవరణలోకి చేర్చి పొయ్యిలు పెట్టించాడు. వెంకటకృష్ణారావు గారి గాదెలు కూడా తడిసి ముద్దయ్యాయి. ఆయనా పళ్ళెం పట్టుకుని ఆమోసు వెనక వరసలో నిలబడ్డారు. బాలశౌరి వంగి, గరిటె పళ్ళేనికి ఆనించి, ఒక్క మెతుకు కింద పడకుండా వడ్డించాడు. పెద్దాయన తలెత్తకుండా తిన్నారు.

మళ్ళీ మాఘం వచ్చింది. ఆయన రెండో అమ్మాయి పెళ్ళి కుదిరింది.

"ఎర్రవి పక్కన పెట్టావుగా?" అంటూ షెడ్డుకు వచ్చారు.

ఆయన బేరం తప్పితే ఊళ్ళో పెద్దిళ్ళన్నీ తప్పుతాయి, షెడ్డు మూసుకోవాల్సిందే. అది తెలిసే బాలశౌరి నోరు విప్పాడు.

"ఎర్రవీ నీలానివీ లేవండి. ఎప్పుడూ లేవు. మీ పెద్దమ్మాయిగారి పెళ్ళికి వండింది, పల్లెలో పెళ్ళికి వండినవాట్లోనేనండి. నేను అబద్ధమాడాను."

గిన్నెలు తోముతున్న మార్త చేతిలో పీచు ఆగిపోయింది. వెంకటకృష్ణారావు గారు కండువా సర్దుకున్నారు.

"తెలుసు. నాకు కళ్ళు లేవనుకున్నావా? రంగు మటుకు వెయ్యి. వియ్యాలవారు చూస్తారు."

సాయంత్రానికి ఆయన పాలేరు ఎర్రరంగు డబ్బా ఒకటి తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. ఛీ కొట్టి పోయినా బాలశౌరి ఇంత బాధపడేవాడు కాదు. అబద్ధమని తెలిసి కూడా, అబద్ధమే కావాలని డబ్బా పంపించారు.

"వేస్తావా?" అంది మార్త.

"వేస్తా. ఆయన రంగేగా!"

వేశాడు. సగానికి కాదు, షెడ్డులో ఉన్న ప్రతి గుండిగకూ ప్రతి గంగాళానికీ ఎర్రగీత చుట్టాడు. నీలం డబ్బా మళ్ళీ తెరవలేదు. అప్పటినుంచి పల్లెకూ ఊరికీ అద్దె ఒకటే. అన్నీ అయ్యాక, మేకుకు వేలాడుతున్న తల్లి సత్తుగిన్నెను దింపాడు. దానమ్మ పోయి అప్పటికి చాలాకాలమైంది. ఒక పక్క సొట్టపడిన ఆ గిన్నెకు కూడా ఎర్రగీత చుట్టి, పెళ్ళి సామాన్లతో పాటు బండికెక్కించాడు.

ఆ పెళ్ళికి నేనూ వెళ్ళాను. వియ్యాలవారి పంక్తిలో కూర్చున్నాను. బూరెల్లోకి నెయ్యి, ఎర్రగీత ఉన్న సొట్ట గిన్నెలోంచి వడ్డించారు. ఎవరూ విస్తరి ముందు నుంచి లేవలేదు.

మర్నాడు సామాన్లు తిరిగొచ్చాయి. బాలశౌరి ముందుగా గిన్నె కోసం వెతుక్కున్నాడు. అది భద్రంగా ఉంది. గరిటె ఒకటి తగ్గింది.