చెంగ్డూ టాక్సీలో మా పక్కింటాయన

చెంగ్డూ ఎయిర్‌పోర్టు బయట టాక్సీ ఎక్కగానే డ్రైవరు తన ఫోన్ నా వైపు, మా ఆవిడ వైపు తిప్పాడు. అతను చైనీస్‌లో మాట్లాడితే అది ఇంగ్లీషులో చెబుతుంది, మా జవాబు అతనికి చైనీస్‌లో వినిపిస్తుంది.

మొదట నా వయసు అడిగాడు. తర్వాత పిల్లలెందరు, పెళ్లిళ్లయ్యాయా, ఇల్లు సొంతమా అద్దెకా. కెనడాలో, ఓక్‌విల్‌లో ఇన్నేళ్లుగా ఉంటున్నాం, ఇవేవీ ఎవరూ అడగలేదు. నాకు చిరాకేసింది. మా ఆవిడ మాత్రం హుషారుగా అన్నిటికీ చెప్పేస్తోంది.

“కాకినాడలో ఆటో ఎక్కినట్టుందండీ,” అంది నాతో.

బయట ఆకాశమంత మేడలు. వాటిని చూడనిస్తే కదా! కెనడాలో మీ పక్కింటివాళ్లు ఎలాంటివాళ్లని అడిగింది ఫోన్.

“చాలా మంచాయన. స్నో పడితే మా డ్రైవ్‌వే కూడా క్లియర్ చేసేస్తాడు,” అన్నాను, ఈసారి నేనే ముందుగా.

“ఏం పని చేస్తాడు? పిల్లలెందరు?”

ఆయన కారు రంగు తెలుసు. పొద్దున్నే మంచు తీసే మెషిన్ చప్పుడు తెలుసు. మా ఆవిడ వైపు చూశాను. అంతసేపూ గలగలా మాట్లాడిన మనిషి అద్దంలోంచి మేడలు చూస్తోంది.

మాకు వినబడలేదనుకున్నాడేమో, డ్రైవరు ఫోన్ సౌండు పెంచి అదే ప్రశ్న మళ్లీ వినిపించాడు.