ముత్తక్క చూపు రోబోకు అంటింది

అందుకే మీకు చెప్తున్నాను, ఆ రోబో పని మధ్యలో తలెత్తి పక్కకు చూస్తోందంటే అది పాడయిందని కాదు. దాని తప్పేమీ లేదు. మా ముత్తక్క ఎట్లా చూసిందో అదీ అట్లానే చూసింది. మీరు నవ్వుతారేమో. మొదట నేనూ నవ్వాను.

ముత్తక్కది చండ్రుగొండ అవతల, అడవిని ఆనుకుని ఉన్న చిన్న గూడెం. భర్త పగిడయ్యకు ఖమ్మంలో, ఖానాపురం హవేలిలోని ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పని దొరికితే ఇద్దరూ వచ్చి మెట్ల కింది గదిలో దిగారు. అదే అపార్ట్‌మెంట్‌లో నేను మూడిళ్లల్లో గిన్నెలు తోముతాను. అట్లా కలిశాం. ఊరి నుంచి ఎవరన్నా వస్తుంటే ముత్తక్క అడ్డాకులు తెప్పించుకుని, మెట్ల మీద కూర్చుని విస్తర్లు కుట్టేది. ఎవరికీ అక్కర్లేదు. ఇప్పుడు చావు భోజనాలకు కూడా కాగితం పళ్లేలే. అయినా కుట్టేది.

పోయినేడు మా వీధి చివర ఒక సెంటర్ పెట్టారు. అక్కడి పని ఏంటో విని నేను నమ్మలేదు. నెత్తికి పట్టీతో కెమెరా కట్టుకుని, ఇంట్లో రోజూ చేసే పనులే చేయాలి. తువ్వాళ్లు మడతపెట్టడం, చపాతీలు ఒత్తడం, అటువంటివే. ఆ వీడియోలు ఏ దేశానికో పోతాయట. అక్కడ రోబోలు వాటిని చూసి మన చేతిపని నేర్చుకుంటాయట. సెంటర్ చూసుకునే పిల్ల నవత, తల్లాడ పిల్ల. నేను తువ్వాళ్ల పనికి చేరాను. ముత్తక్క విస్తర్లు కుట్టే సంగతి నవతకు చెప్పింది నేనే.

"గిట్లాంటి పని ఎవ్వల దగ్గర లేదు కళావతక్కా! రేపే తీస్కరా," అంది నవత.

మొదటిరోజే గొడవ. ముత్తక్క వీడియో చూసి నవత నెత్తి కొట్టుకుంది.

"ఏంది ముత్తక్కా గిది? అంతా తలుపే ఉంది. నీ చేతులేవి?"

"నా దగ్గర్నే ఉన్నయ్ కద బిడ్డా."

"ఉన్నయ్, గని నువ్వు వాటి దిక్కు చూస్తలేవు. నువ్వు ఏది చూస్తే కెమెరాకు గదే కనవడ్తది. చేతులు చూస్కుంట కుట్టు."

"చూస్కుంట కుట్టేది పని రానోళ్లు," అంది ముత్తక్క.

నిజమే. ఆమె ఏనాడూ చేతులు చూసి కుట్టలేదు. వేళ్ల పని వేళ్లది. చూపు మాత్రం మెట్ల మీదున్నా గేటు మీదే, సెంటర్‌లో ఉన్నా కుడిపక్కనున్న తలుపు మీదే.

మరునాడు నల్లా దగ్గర అడిగాను. "ఎవ్వల కోసం చూస్తవ్ అక్కా?"

బిందె నిండేలోపు చెప్పేసింది. ఆమెకు పదేళ్లప్పుడు వాళ్ల అవ్వ, అంటే తల్లి, ఆకు కోసం అడవికి పోయేది. పోతూ పోతూ "నేనొచ్చేసరికి ఇరవై కుట్టు" అని చెప్పేది. ఈ పిల్ల ఒక్కో విస్తరి అయిపోగానే ఒకసారి దారి దిక్కు చూసేది. చెట్ల సందున ముందు నెత్తి మీది ఆకుకట్ట కనపడేది, తర్వాత అవ్వ. ఒక వానాకాలం అవ్వ వాగు దాటుతూ కొట్టుకుపోయింది. కట్ట దొరికింది. అవ్వ దొరకలేదు.

"ఒక్క ఫోటో గూడ లేదు కళావతీ. మొకం యాదికొస్తలేదు. కట్ట యాదికున్నది," అని బిందె చంకనెత్తుకుంది.

ఈ మాట నేను నవత చెవిన వేశాను. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. కుట్టినంతసేపు ముత్తక్క చేతులు చూడాలి. విస్తరి పూర్తయ్యాక ఒక్కసారి తలుపు దిక్కు చూసుకోవచ్చు.

"ఒక్క సెకనే కద, పోనియ్," అంది నవత.

చలికాలమంతా అట్లానే నడిచింది. ఎండలు ముదిరాక ఒకరోజు నవత ఫోన్ పట్టుకుని మా మెట్ల దగ్గరికే ఉరికొచ్చింది. ఫోన్‌లో, తెల్లటి గదిలో బల్ల ముందు రోబో. అడ్డాకు తీసింది. పుల్ల గుచ్చి తుంచింది. మళ్లీ ఆకు, మళ్లీ పుల్ల. చెయ్యి కాస్త మొద్దే గానీ, ఆకును తొడ మీద పరిచినట్టు బల్ల మీద అరచేత్తో నిమరడం అచ్చం ముత్తక్కే. విస్తరి అయింది. పక్కన పెట్టింది. పెట్టి, తలెత్తి కుడిపక్కకు చూసింది. అక్కడ తలుపు లేదు. గోడ. కాసేపు చూసి, తలదించి మళ్లీ ఆకు తీసింది.

నాకు నవ్వు ఆగలేదు. పగిడయ్య కూడా తొంగిచూసి, "నీకు జత దొరికింది పో!" అన్నాడు.

ముత్తక్క నవ్వలేదు. "మళ్ల వెయ్యి బిడ్డా," అంది. నాలుగుసార్లు వేయించుకుంది.

"దీనికి గట్ల చూడుమని ఎవ్వలు చెప్పిన్రు?"

"ఎవ్వలు చెప్పలే అక్కా. నిన్ను చూసి అదే నేర్సుకున్నది. విస్తరి కుట్టుడంటే గట్ల చూసుడు గూడ అనుకుంటున్నది."

"చూస్తే దానికేమన్న కనవడ్తదా?"

"ఏం కనవడ్తది, గోడ."

"నాకూ గంతే," అంది ముత్తక్క.

అప్పుడు నవత వచ్చిన పని చెప్పింది. కంపెనీవాళ్లు మళ్లీ వీడియోలు అడిగారట. ఒక్కసారి కూడా తలెత్తకుండా ముత్తక్క ఇరవై విస్తర్లు కుడితే, అవి చూసి రోబో ఆ చూపు మానేస్తుందట.

"మర్సిపోతదా?"

"మర్సిపోతదట అక్కా. సోమారం రా, జల్దీ పంపాలె."

"అవ్, వస్త," అంది ముత్తక్క.

ఆ సోమవారం పుల్లలు లేవంది. పుల్లలు నేనే తెచ్చిచ్చాను. తర్వాతి వారం పగిడయ్యకు జ్వరమంది. పగిడయ్య గేటు దగ్గర నిలబడి బీడీ కాలుస్తున్నాడు. నవత నాకు ఫోన్ చేస్తూనే ఉంది.

ముత్తక్క ఇరవై విస్తర్లకు సరిపడా ఆకు గోనెసంచిలో చుట్టి మెట్ల కింద పెట్టుకుంది. ఎండిపోకుండా రోజూ పొద్దున్నే దాని మీద నీళ్లు చల్లుతుంది. సెంటర్‌కు మాత్రం ఇంకా పోలేదు.