ఉరుము మాస్టారి షరతు

రిటైరై ఏళ్లు గడిచినా డ్రిల్లు మాస్టారి చంకలోంచి బెత్తం దిగలేదు. ఎవరెదురైనా ముందు బూట్లు చూసి, ఆ తర్వాతే మొహం చూస్తాడు. సైనిక శిక్షణకొచ్చే కాలేజీ కేడెట్లు పెట్టిన పేరు ఉరుము. శిక్షణ మధ్యలో మానేసేవాళ్లను మైదానం దద్దరిల్లేలా "పిరికిపందా!" అనేవాడు. అలా మానేసి, ఆ మాటా పడి, కేడెట్లకే ఇచ్చే ఫీజు సాయమూ పోయి, చదువాపేసిన అమ్మాయే ఇప్పుడు విశ్వవిద్యాలయం ఆఫీసులో గుమాస్తా. ఉన్న ఒక్క ఇల్లూ అమ్మి, కేడెట్ల చదువుకు శాశ్వత స్కాలర్‌షిప్పు నిధి పెడతానని ఆయన ఆమె బల్ల ముందే కూర్చున్నాడు. షరతు రెండుసార్లు చదివి ఆమె తలెత్తింది.

"శిక్షణ మానేసినా స్కాలర్‌షిప్పు ఆపకూడదా, మాస్టారూ?"

"ఫీజు కోసం పటాలంలో ఉండిపోయినవాడు పక్కవాడి ప్రాణం మీదికి తెస్తాడమ్మా. పోయేవాణ్ణి పోనివ్వాలి, చదువుకోనివ్వాలి."

ఆయన లేచి, బెత్తంతో ఆమె బూట్లవైపు చూపించాడు.

"లేసు ఇప్పటికీ వదులుగానే కడుతున్నావు."