డోర్ బాగానే ఉందని చెప్పాను

2023 వానాకాలం. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు పోయే మెయిన్ రోడ్డుకు రెండు గల్లీలు లోపల నా షెడ్డు. కార్లకు డెంటింగ్, పెయింటింగ్, డోర్ పనులు చేస్తాం. అప్పటికి ఇరవై రెండేళ్ళుగా అదే పని. వానలు మొదలైతే నా దగ్గరికి వచ్చే బళ్ళలో సగం లీకేజీవే. యాదగిరి దగ్గరికి పోతే నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఇట్టే పట్టేస్తాడని నలుగురూ అనేవాళ్ళు. ఆ మాట విని విని నాకు కాస్త పొగరు కూడా ఎక్కింది. అది ఎలా దిగిందో చెప్తాను.

ముందు చిన్న సంగతి. కారు డోర్‌లోకి చుక్క నీరు కూడా పోకూడదని చాలామంది అనుకుంటారు. పోతుంది. అద్దం దిగే చోట రబ్బరు ఎంత బిగుతుగా ఉన్నా, వాన నీళ్ళు అద్దం వెంట లోపలికి జారతాయి. అందుకే డోర్ అడుగున రెండు మూడు చిన్న రంధ్రాలు ఉంటాయి. డ్రెయిన్ హోల్స్ అంటాం. పైనుంచి వచ్చిన నీళ్ళు వాటిలోంచి రోడ్డు మీదికి పోతాయి. లోపలివైపు మనం చేయి ఆనించే ప్లాస్టిక్ పలక పేరు ట్రిమ్. దాని వెనక ఒక పల్చని షీటు అతికించి ఉంటుంది, నీళ్ళు సీటు వైపు రాకుండా.

జూలైలో ప్రభాకర్ గారు వచ్చారు. ఎర్రమంజిల్లో ఉంటారు, పాత కస్టమరు. వేసవిలో ఎవరో బైకతను ఆయన కారు వెనక ఎడమ డోర్‌ను గుద్ది గీసుకుంటూ పోతే, పడిన సొట్ట మేమే తీసి రంగు వేశాం. ఈసారి ఆయన కారు దిగకుండానే పని చెప్పారు.

"వెనక ఎడమ సీటుకి షాంపూ చేయించండి యాదగిరి గారూ. పైన రెక్సిన్ కవర్ కూడా వేయండి. తడి దిగనిది."

"ఒక్క సీటుకేనా సార్? మిగతావి సుత చేద్దాం, ఒకటే రంగుల ఉంటయి."

"వద్దండీ. అదొక్కటే."

సీటు చేత్తో నొక్కి చూశాను. తడి. "సార్, వాన నీళ్ళు లీకైతున్నయేమో, జర చెక్ చేస్తా" అన్నాను. ఆయన మొహమాటంగా తల అడ్డంగా ఊపారు. "లీకేజీ కాదండీ. వాన పడేటప్పుడు ఇంటి ముందు పెట్టినా సీటు తడవట్లేదు. ఇది వేరే."

నేను ఊరుకుంటానా. డోర్ చుట్టూ లోపల టిష్యూ పేపర్లు అంటించి, పావుగంట పైపుతో నీళ్ళు కొట్టాను. దీన్ని మేం వాటర్ టెస్ట్ అంటాం. కాగితం ఎక్కడ తడిస్తే లీకు అక్కడ. ఒక్క కాగితమూ తడవలేదు. బీడింగ్, అంటే డోర్ చుట్టూ ఉండే రబ్బరు, చక్కగా ఉంది. ఛాతీ విరుచుకుని చెప్పాను, "డోర్ బాగానే ఉంది సార్. లీకు లేనే లేదు. నాది గ్యారంటీ."

ఆయన మొహం వాడిపోయింది. సంతోషించాల్సిన మనిషి ఎందుకలా అయ్యాడో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆగస్టులో ఒక ఉదయం కవర్ కుట్టు ఊడిందని మళ్ళీ వచ్చారు. పొద్దున్నుంచీ జల్లు పడి అప్పుడే ఆగింది. ఈసారి వెంట వాళ్ళమ్మ గారు ఉన్నారు. కరుణమ్మ గారు, డెబ్బై నాలుగేళ్ళు, పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. కుర్చీ వేశాను. కూర్చోలేదు. మంచినీళ్ళు తెమ్మంటారా అంటే వద్దన్నారు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి, గోడ పట్టుకుని నిలబడ్డారు. ప్రభాకర్ గారు ఫోన్ మాట్లాడుతూ బయటికి వెళ్ళగానే ఆవిడ నా దగ్గరికి వచ్చారు.

"బాబూ, ఆ సీటు కడిగింది నువ్వేనా?"

"అవునమ్మా."

"ఏమనుకోకు. నాకు తెలియకుండానే అయిపోతోంది. ముప్పై ఏళ్ళు వార్డులో పక్కలు తడుపుకున్నవాళ్ళకి సిగ్గుపడొద్దని చెప్పాను. ఇప్పుడు నాకే తల ఎత్తుకోబుద్ధి కావట్లేదు. బయటికి వెళ్ళే రోజు ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు మానేస్తున్నాను. అయినా ఆగట్లేదు. నెలన్నర అయింది చర్చికి వెళ్ళి."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సీటు నేను రెండు చేతులతో తోమినవాణ్ణి. అందులోంచి వచ్చింది మట్టి వాసన, నాచు వాసన. మరొకటి కాదు. ఆ సంగతి నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చెప్పిందల్లా లీకు లేదని. ఆ మాట ఆ ఇంట్లోకి పోయి ఏం చేసిందో ఇప్పుడు తెలిసింది. డోర్ తప్పు కాదని నేను గ్యారంటీ ఇచ్చాక ఇక మిగిలింది ఆవిడే.

"అమ్మా, ఎప్పుడైతది చెప్పుండ్రి. బండి ఎక్కంగనేనా?"

"ఎక్కినప్పుడు పొడిగానే ఉంటుంది. కాస్త దూరం పోయాక. చల్లగా తగిలేదాకా నాకు తెలియదు."

"చల్లగనా?"

"చల్లగానే." అని ఆవిడ తల ఎత్తారు. నా మొహంలోకి చూశారు. "ఒంట్లోంచి వచ్చేదైతే వెచ్చగా ఉండాలి కదా. ఇంకెవరైనా అయితే ఈ ముక్క నేనే పట్టుకునేదాన్ని" అన్నారు మెల్లగా.

ప్రభాకర్ గారిని పిలిచాను. పక్కనే సొట్ట తీస్తూ మా మాటలు విన్న మా డెంటర్ ఖాజా భాయ్‌ని స్టీరింగ్ పట్టుకోమన్నాను. ప్రభాకర్ గారు ముందు సీట్లో. కవర్ పీకేసి, కరుణమ్మ గారు కూర్చునే చోట నేను కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళలో కస్టమర్ కూర్చునే చోట కూర్చుని లీకు చూడటం అదే మొదటిసారి. అది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

పంజాగుట్ట దాకా ఏమీ లేదు. ట్రాఫిక్‌లో ఆగుతూ పోతున్నాం. "అన్నా, ఏం లేదు కదా, వాపస్ పోదామా?" అన్నాడు ఖాజా భాయ్. పోనీమన్నాను. పెద్ద చౌరస్తా దాటి ఒక గల్లీలోకి ఎడమకు తిప్పాడు. డోర్ లోపల ఏదో కదిలిన చప్పుడు, చెంబులో నీళ్ళు తొణికినట్టు. మరుక్షణం ఎడమ తొడ కింద చల్లగా తగిలింది.

"మళ్ళ ఎడమకే తిప్పు భాయ్."

ఇంకోసారి తిప్పాడు. ఆర్మ్‌రెస్ట్ కింద సందులోంచి నీళ్ళు వచ్చి సీటు అంచు మీద పడ్డాయి. నా ప్యాంటు తడిసి ముద్దయింది. ఖాజా భాయ్ వెనక్కి తిరిగి చూసి పగలబడి నవ్వాడు. "యాదగిరి అన్నా, నువ్వు సుతనా?" నాకూ నవ్వాగలేదు. ప్రభాకర్ గారు మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "చాలా రోజులైందండీ అమ్మ నాతో సరిగ్గా మాట్లాడి" అన్నారు.

షెడ్డుకొచ్చి ట్రిమ్ విప్పాం. లోపలి షీటు ఒక మూల ఊడి వేలాడుతోంది. కిందికి వంగి డోర్ అడుగు చూశాను. మూడు డ్రెయిన్ హోల్స్ మీద బూడిద రంగు సీలెంట్ గట్టిపడి ఉంది. సీలెంట్ అంటే అతుకుల్లో తుప్పు పట్టకుండా నింపే పేస్టు. ఆ రంగుది వాడేది మేమే. సొట్ట తీసిన రోజు అడుగు అంచు వెంట సీలెంట్ గన్ పట్టి ఒకే గీత లాగింది ఎవరో కాదు, నేనే. తుప్పు పట్టొద్దని ప్రేమగా లాగి, నీళ్ళు పోయే దారి మూసేశాను. షీటు సరిగ్గా నొక్కకుండా ట్రిమ్ బిగించిందీ నేనే. వాటర్ టెస్ట్‌లో నీళ్ళు లోపలికి వస్తున్నాయా అని చూశాను గానీ, డోర్ కింద నుంచి బయటికి పోతున్నాయా అని చూడలేదు. బండి నిలబడి ఉన్నంతసేపూ ఆ నీళ్ళు డోర్ అడుగునే ఉండేవి. ఎడమకు తిరిగితే షీటు ఊడిన మూలలోంచి సీటు వైపు ఎగిసేవి.

స్క్రూడ్రైవర్‌తో మొదటి రంధ్రం పొడవగానే మట్టి నీళ్ళు ధారగా కారి నా చెప్పులు తడిపాయి. కరుణమ్మ గారు ఆ ధార ఆగేదాకా కదలకుండా చూశారు.

"అమ్మా, ఇవి మూసింది నేనే" అన్నాను. "నా చేతులతోటే."

ఖాజా భాయ్ నవ్వు ఆగిపోయింది. ఆవిడకు కోపం వచ్చింది. రావాలి కూడా. "రెండు నెలలు, తెలుసా? రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోబోయాను" అన్నారు, వార్డులో తప్పు మందు ఇచ్చినవాణ్ణి నిలదీసినట్టు. తర్వాత కొడుకు వైపు తిరిగారు. "నన్నొక్క మాట అడగలేకపోయావా నాన్నా?"

"ఎలా అడగనమ్మా?" అన్నారాయన.

"నేనూ చెప్పలేకపోయానులే." ఆయన భుజం మీద చేయి వేశారు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఏదో మాట్లాడుకుంటూ ఉంటే నేను డోర్ పనిలో పడ్డాను.

మూడు రంధ్రాలూ శుభ్రంగా తెరిచాను. కొత్త షీటు కోసి, చుట్టూ గమ్ పట్టీ వేసి, గాలి బుడగ లేకుండా అరచేత్తో నొక్కాను. సీటు మొత్తం విప్పి ఎండబెట్టించాను. మర్నాడు నీళ్ళు కొట్టి, ఈసారి డోర్ కింద కూర్చుని మూడు చోట్లా నీళ్ళు కారడం చూశాను. ఆపైన నేనే ఆ సీట్లో కూర్చుని అమీర్‌పేట గల్లీలన్నిటిలో ఎడమకు తిప్పించాను. పొడి ప్యాంటుతో దిగాను.

అప్పటి నుంచి లీకు కనపడకపోతే 'లేదు' అని చెప్పను. 'నాకింకా దొరకలేదు' అంటాను. కొందరు కస్టమర్లకు ఆ మాట నచ్చదు, గట్టిగా చెప్పేవాడి దగ్గరికి పోతారు. పోనీ. బండిలో తడిసే సీట్లో రోజూ ఎవరు కూర్చుంటారో కనుక్కుని ముందు వాళ్ళతో మాట్లాడతాను.

ప్రభాకర్ గారి డోర్ బాగుచేశాక వచ్చిన ఆదివారం పొద్దుటి నుంచీ ఒకటే వాన. మధ్యాహ్నం ప్రభాకర్ గారి నంబరు నుంచి ఫోను. ఎత్తడానికి నాకు భయమేసింది. మాట్లాడింది కరుణమ్మ గారు.

"యాదగిరీ, చర్చి నుంచి ఇప్పుడే ఇంటికొచ్చాం బాబూ. దారంతా వానే."

"సీటు ఎట్లున్నదమ్మా?"

"సీటు సంగతి చూడనే లేదు" అన్నారావిడ. "రెండు గ్లాసులు నీళ్ళు తాగి మరీ ఎక్కాను."