బెంచి మీదున్నవాడి వంట

సింగపూర్‌లో ఐటీ ఉద్యోగాలు జోరుమీదున్న రోజుల్లో సెంగ్‌కాంగ్‌లో ఒకే ఫ్లాట్‌లో అయిదుగురు తెలుగువాళ్లం ఉండేవాళ్లం. ఎవరూ పెట్టని రూలు ఒకటుండేది. ప్రాజెక్టు పోయి బెంచి మీద, అంటే పని లేకుండా, కూర్చున్నవాడే అందరికీ వండాలి. నా వంతు వచ్చేసరికి గరిటె పట్టడం రాలేదు గానీ సిగ్గుపడటం మాత్రం బాగా వచ్చింది. కంపెనీ ఇంకో ప్రాజెక్టు చూపిస్తుందో, ఇంటికే పంపించేస్తుందో తెలియదు. గుంటూరులో ఉన్న నా భార్య మాత్రం నా దగ్గరికి రావడానికి టీచరు ఉద్యోగానికి రాజీనామా ఇవ్వబోతోంది. తనకి సంగతి చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం రెండు చేతులా ఉల్లిపాయలు, టమాటాలు మోసుకొస్తుంటే, పోయిన ప్రాజెక్టు ఆఫీసులో నా పక్క సీటులో కూర్చునే ఆర్మేనియన్ ఆవిడ ఎదురైంది. ఆమె అడక్కముందే సెలవు పెట్టానని అబద్ధమాడాను. సంచుల వంక, నా మొహం వంక చూసి, "త్సావద్ తానెమ్" అంది.

ఆ మాట నాకు కొత్త కాదు. తలనొప్పి అన్నా, కాఫీ తెచ్చిచ్చినా ఆఫీసులో అదే అనేది. ఒకసారి విడదీసి చెప్పింది. "త్సావ్" అంటే నొప్పి, దాని చివర చేరిన "ద్" అంటే నీ, "తానెమ్" అంటే తీసుకుపోనీ. నీ నొప్పిని నన్ను తీసుకుపోనీ అని. జబ్బుపడ్డ పిల్లల పక్కన కూర్చుని అమ్మమ్మలు అనేవారట. వాడగా వాడగా ఇప్పుడు కూరగాయలమ్మే ఆవిడ కూడా అంటుందట, మన "బంగారం" లాగా. అప్పుడు సరదాగా నేర్చుకున్నాను. ఇప్పుడు నాతోనే అనేసరికి తల కొట్టేసినట్టయింది. నా మీద జాలిపడితే నాకు ఒళ్లుమంట.

"నాకేం నొప్పి లేదు," అన్నాను ముక్తసరిగా.

ఆమె ఒక సంచి లాక్కుని మా లిఫ్టు దాకా మోసింది. "మీ ఆవిడకి తెలుసా?" అని అడిగింది. తల అడ్డంగా ఊపాను.

"ఈ మాట అనాల్సింది ఆవిడ. అననివ్వు," అని సంచి చేతికిచ్చి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి, ఆగితే చెప్పలేనని ఒక్క ఊపులో చెప్పేశాను.

"తెలుసండీ," అంది నా భార్య. "ఈమధ్య ఏం కూర వండారో చెప్తన్నారు గానీ ఆఫీసు మాట ఎత్తట్లేదుగా. అనుమానమొచ్చి రాజీనామా ఇవ్వలేదు. మీరెప్పుడు చెప్తారా అని చూస్తన్నా."

ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. నా పరువు పోకూడదని, అడిగినవాళ్లందరికీ ప్రయాణం దగ్గరపడిందని చెబుతూ, తను రోజూ బడికి వెళ్లొస్తోంది.